తెలుగు టైపింగ్: ఇన్‌స్క్రిప్టా, లిప్యంతరీకరణా?

హనుమకొండలో కంప్యూటర్ నేర్చుకొనేవారు తెలుగు టైపింగ్ దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు అక్షరాలతో రాసి తెలుగులోకి మార్చుకొనే పద్ధతినే (లిప్యంతరీకరణ) ముందుగా పట్టుకొంటారు. అందుకు కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. ఇంగ్లీషు మీటలు తెలిసినవారు ఆ పూటే ఉత్తరం రాయగలరు. అప్పుడప్పుడు నాలుగు వాక్యాలు రాసేవారికి అది చాలు.

రోజంతా టైపు చేసేవారి సంగతి వేరు. దరఖాస్తులు రాసే డీటీపీ పనివారికి, కాకతీయ విశ్వవిద్యాలయంలో తెలుగులో సిద్ధాంతవ్యాసం రాసే పరిశోధకులకు నేను తెలుగు అక్షరాలను నేరుగా మీటలకే కేటాయించిన అమరిక అయిన ఇన్‌స్క్రిప్టునే గట్టిగా సూచిస్తాను. ఇందులో గుణింతపు గుర్తులు దాదాపు అన్నీ ఎడమచేతికి, హల్లుల్లో అధికభాగం కుడిచేతికి వస్తాయి కనుక రెండు చేతులూ వంతులవారీగా కదులుతాయి. పొల్లు ఎడమ నడిమివేలి కిందే ఉంటుంది. క మీటనే షిఫ్టుతో నొక్కితే ఖ వస్తుంది. 'వరంగల్' అని రాయడానికి ఇక్కడ వ, ర, సున్న, గ, ల, పొల్లు అని ఆరు మీటలు సరిపోతాయి, ఇంగ్లీషు అక్షరాలతోనైతే ఎనిమిది కావాలి. పైగా లిప్యంతరీకరణలో సాధనం చూపే పదాల్లో సరైనదాన్ని ఏరుకోవడానికి చూపు మాటిమాటికీ ఆగుతుంది, ణ, ళ వంటి చోట్ల తప్పులు దొర్లుతాయి.

ఇన్‌స్క్రిప్టుకు మొదటి వారాలు కష్టమే, వేగం పడిపోతుంది. ఆ దశలో మీటలపై తెలుగు స్టిక్కర్లు అంటించుకోకూడదు; అమరిక పటాన్ని తెర పక్కన పెట్టుకొని, చూపుడువేళ్లను గీతలున్న ఎఫ్, జె మీటలపై నిలిపి, రోజూ కాసేపు సాధన చేయాలి.