బ్యాక్‌ప్యాక్‌తో కెన్యా సఫారీ: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

కెన్యాలో బస్సు చవక, తిండి చవక, వెతికితే టెంటూ చవకే. ఖరీదైనవి రెండే: పార్కు టికెట్టు, పార్కులో తిప్పే బండి. గది దగ్గర గంటసేపు బేరమాడితే మిగిలేది పదో ఇరవయ్యో డాలర్లు. మసాయి మారా అభయారణ్యంలో (రిజర్వులో) ఒక్క రోజు తగ్గించుకుంటే అంతకు ఎన్నో రెట్లు మిగులుతుంది. కాబట్టి ప్లాన్ వేసేటప్పుడు హాస్టళ్ళ ఫొటోలు చూస్తూ కూర్చోకుండా, ముందు పార్కు లోపల ఎన్ని రోజులు గడపాలో తేల్చుకోండి. మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవచ్చు.

మారా టికెట్టు విదేశీయులకు జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200. మనిషికి, రోజుకి! పక్కనే టాంజానియాలో ఉన్న సెరెంగెటి నుంచి విల్డబీస్ట్ అనే పెద్ద జింకల మందలు వచ్చి మారా నది దాటేది మామూలుగా జూలై, అక్టోబరు మధ్యలో కాబట్టి ఆ రేటు, ఆ రద్దీ. నది దాటడం చూడాలన్నదే మీ జీవితాశయం అయితే చేసేదేమీ లేదు, కట్టాల్సిందే. మేము మాత్రం ఫిబ్రవరిలో వెళ్ళాం, నాకు ఏ విచారమూ లేదు. సింహాలు, ఏనుగులు, చీటాలు, జిరాఫీలు ఏ మందతోనూ వెళ్ళిపోవు, ఏడాది పొడుగునా అక్కడే ఉంటాయి. పైగా అప్పుడు గడ్డి పొట్టిగా ఉంటుంది, దూరం నుంచే జంతువు కనిపిస్తుంది. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, బురదలో బళ్ళు దిగబడతాయి, ఆ నెలలు నేనైతే వదిలేస్తాను.

ఇప్పుడు చాలామంది గమనించని సంగతి. మీరు రిజర్వు బయట బస చేస్తే, మీ టికెట్టు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకానే పనిచేస్తుంది. చవక క్యాంపులు దాదాపు అన్నీ గేట్ల బయటే ఉంటాయి. నైరోబీలో ఏజెన్సీలు అమ్మే మూడు రోజులు, రెండు రాత్రుల ప్యాకేజీ సాధారణంగా ఇలా నడుస్తుంది: మొదటి రోజు ఐదారు గంటల ప్రయాణం, భోజనం, సాయంత్రం నాలుగింటికి లోపలికి, ఆరింటికి బయటికి. అంటే ఆ రెండు గంటలకూ పూర్తి రోజు డబ్బే. మూడో రోజు పొద్దున కాస్త తిప్పి నైరోబీ దారి పడతారు, దానికీ ఇంకో టికెట్టు. అదే డబ్బు పెట్టి రెండు నిండు రోజులు, పొద్దున ఆరింటికి గేటు తెరిచినప్పటి నుంచి మూసేదాకా లోపల ఉంటే లెక్కే వేరు. ఏ ప్యాకేజీ అయినా కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఏసీ ఉందా, వైఫై ఉందా అని కాదు. ఎన్ని పార్కు టికెట్లు కలిపారు, ఏ రోజు ఎన్నింటికి లోపలికి తీసుకెళ్తారు, అది చెప్పమనండి.

మేము ప్యాకేజీ తీసుకోలేదు, ప్రయత్నించి మానుకున్నాం. నైరోబీలో ఒక ఏజెన్సీ ల్యాండ్ క్రూజర్ అని మాటిచ్చి, అడ్వాన్స్ అడిగే సమయానికి అది వ్యాన్‌గా మారిపోయింది, ఐదుగురు అన్నది ఏడుగురు అయింది. పైకప్పు లేచే వ్యాన్ తప్పేం కాదు, ఎండాకాలం బాగానే తిరుగుతుంది, కానీ చెప్పింది ఒకటి, పంపేది ఒకటి అయితే అడవి మధ్యలో ఎవరితో పోట్లాడతాం? కాబట్టి నైరోబీ నుంచి మారా దారిలోని నరోక్ ఊరికి మటాటు, అంటే అక్కడి షేర్ వ్యాన్, ఎక్కాం. మటాటుకి టైం అంటూ ఉండదు, నిండితే బయల్దేరుతుంది. కండక్టరు పైకప్పు మీద చేత్తో రెండు దెబ్బలు కొడితే కదిలినట్టు, ఒక దెబ్బ కొడితే ఆగినట్టు. బ్యాగు ఒళ్ళో పెట్టుకోవాలి, లేదంటే దానికీ ఒక సీటు కొనుక్కోవాలి. నరోక్ నుంచి సెకెనాని గేటు దాకా ఇప్పుడు తారు రోడ్డే, షేర్ బళ్ళు దొరుకుతాయి. తలెక్ గేటు వైపు కూడా చవక క్యాంపులు ఉన్నాయి.

రిజర్వులో నడవనివ్వరు, కాబట్టి క్యాంపు వాళ్ళ దగ్గరే బండి, డ్రైవరు మాట్లాడుకోవాలి. బండికి రోజు అద్దె, ఎంతమంది ఎక్కితే అంతమందికి వాటా. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ముందే క్యాంపుకి మెసేజ్ పెట్టి, ఆ తేదీల్లో ఇంకెవరైనా ఉన్నారా అని కనుక్కోవడం మంచిది, లేకపోతే బండి ఖర్చంతా నెత్తిన పడుతుంది. డబ్బు ఎక్కడైనా పొదుపు చేయండి గానీ డ్రైవరు దగ్గర వద్దు. మాకు దొరికిన ఆయన రేడియోలో కేకలు వినబడగానే పరిగెత్తే రకం కాదు. ఎక్కడో చిరుత కనబడిందని పది బళ్ళు దుమ్ము లేపుకుంటూ పోతుంటే, ఆయన ఒక పొద దగ్గర ఇంజన్ ఆపేసి, అటు చూడండి అన్నాడు. జీబ్రాలు రెండే మేత మానేసి ఒకే వైపు చూస్తున్నాయి అనుకున్నాను, కానీ నిజానికి అన్నీ అటే చూస్తున్నాయి, చెవులు కూడా కదలడం లేదు. కాసేపటికి గడ్డిలోంచి ఆడసింహం తల లేచింది, దాని వెనక ఇంకొకటి. వేట జరగలేదు, జీబ్రాలు తప్పించుకుపోయాయి. ఆ ముప్పావు గంట అక్కడ మా బండి ఒక్కటే.

క్యాంపు సంగతి: టెంటులో మంచం, దోమతెర, వెనకే బాత్రూం. వేడినీళ్ళు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. కరెంటు జనరేటరు మీద, రాత్రి పదింటికి పోతుంది, కెమెరా బ్యాటరీలు అంతకుముందే చార్జింగ్ పెట్టుకోవాలి. భూమధ్యరేఖకు దగ్గర కదా అని స్వెట్టర్ తీసుకెళ్ళకపోతే మాత్రం కష్టం. మారా ఎత్తు సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైనే, పైకప్పు లేపిన బండిలో పొద్దున ఆరింటికి పళ్ళు టకటకలాడతాయి.

బ్యాక్‌ప్యాకర్లకు నేను మారా కన్నా ముందు చెప్పేది నైవాషా సరస్సు. నైరోబీ నుంచి తొంభై కిలోమీటర్ల దూరం, మటాటులో వెళ్ళిపోవచ్చు, సరస్సు ఒడ్డునే సొంత టెంటు వేసుకునే క్యాంపులు ఉన్నాయి. రాత్రి నీటిఏనుగులు మేతకు ఒడ్డెక్కుతాయి, క్యాంపుకీ వాటికీ మధ్య కరెంటు తీగ ఒక్కటే అడ్డు. పడుకుంటే గడ్డి పీకుతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. తీగ దాటి ఫొటో తీద్దామనే సరదా వద్దు, కాపలావాళ్ళు ఊరికే అరవరు. బోటు షికారు బాగుంది, సరస్సు పెరిగి మునిగిపోయిన తుమ్మచెట్ల మోళ్ళ మధ్య నుంచి తీసుకెళ్తారు. చేప విసిరి, ఈల వేసి గద్దను రప్పించే తంతు మాత్రం నాకు నచ్చలేదు, వద్దని ముందే చెప్పేశాం.

అక్కడికి దగ్గర్లోనే హెల్స్ గేట్. 68 చదరపు కిలోమీటర్ల చిన్న పార్కు. సైకిల్ మీద, కాలినడకన తిరగనిచ్చే అతి కొద్ది పార్కుల్లో ఇదొకటి. గేటు బయట సైకిళ్ళు అద్దెకిస్తారు. డబ్బు ఇచ్చేముందు బ్రేకులు నొక్కి చూడండి, సీటు ఎత్తు సరిచేయించండి, మాకు ఇచ్చిన మొదటి సైకిలుకి వెనక బ్రేకే లేదు. ఎర్ర రాతి గోడల మధ్య మట్టిరోడ్డు, పక్కనే జీబ్రాలు, కాస్త అవతల జిరాఫీలు, మనకీ వాటికీ మధ్య అద్దం కూడా లేదు. అడవిదున్నలు కనబడితే దూరంగా ఆగిపోవాలి, అది మాత్రం ఆటకాదు. లోపలి లోయలోకి దిగాలంటే ముందు గేటు దగ్గర వాన సంగతి అడగండి. 2012లో, 2019లో అక్కడ హఠాత్తుగా వరద వచ్చి మనుషులు చనిపోయారు. పైన ఎక్కడో కురిసినా నీళ్ళు లోయలోకే వస్తాయి.

నైరోబీ నేషనల్ పార్కుకి అరపూట చాలు. 1946 నుంచీ ఉన్న పార్కు, ఖడ్గమృగాలు బాగా కనబడతాయి, వెనకాల నగరం మేడలు. ఏనుగులు లేవు. ఇలాంటి ప్రభుత్వ పార్కుల్లో నగదు తీసుకోరు, ఈసిటిజన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కట్టాలి, గేటు దగ్గర సిగ్నల్ కోసం వెతుక్కునే బదులు ముందురోజు రాత్రే కట్టేసుకోండి.

టైం ఉంటే త్సావో వైపు రైలెక్కండి. 2017లో మొదలైన మడారకా ఎక్స్‌ప్రెస్ నైరోబీ నుంచి మొంబాసాకి వెళ్తుంది, ఎకానమీ టికెట్టు 1,500 షిల్లింగులు, అంటే పన్నెండు డాలర్ల లోపే. పొద్దున రైలు మధ్య స్టేషన్లలో ఆగుతుంది, వోయి స్టేషన్లో దిగితే త్సావో ఈస్ట్ పార్కు పక్కనే. కిటికీలోంచే ఎర్రమట్టి పూసుకున్న ఏనుగులు కనబడ్డాయి మాకు. నైరోబీ స్టేషను ఊరికి దూరం, బ్యాగులు వరసగా పెట్టించి కుక్కలతో వాసన చూపిస్తారు, గంట ముందు చేరకపోతే టెన్షనే.

తిండికి ఇబ్బంది లేదు. చపాతీ, బీన్స్, సుకుమా వికి అనే ఆకుకూర, పాలు దండిగా పోసిన టీ, సమోసా ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. శాకాహారులు ఉగాలీతో (మొక్కజొన్న పిండి ముద్ద) విసుగెత్తితే చపాతీకి మారిపోవచ్చు. దిగిన వెంటనే పాస్‌పోర్టు చూపించి సిమ్ తీసుకుని ఎంపెసా (ఫోన్‌తో డబ్బు కట్టే పద్ధతి) పెట్టించుకోండి, మటాటు చార్జీ నుంచి అరటిపళ్ళ దాకా అందులోనే కట్టేస్తారు. ప్లాస్టిక్ సంచులు 2017 నుంచి నిషేధం, సామాను సర్దేటప్పుడే తీసేయండి.

వీసా బదులు 2024 జనవరి నుంచి ఈటీఏ అనే ప్రయాణ అనుమతి, ఆన్‌లైన్‌లో పని అయిపోతుంది. మలేరియా మందుల గురించి డాక్టరునే అడగండి. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం ఆలస్యం చేయొద్దు: కెన్యా నుంచి ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు ఆ కార్డు అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. అనుమతి ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు, స్లాటు దొరకడానికే రోజులు పట్టొచ్చు, కాబట్టి ఫ్లైట్ టికెట్ కొన్న రోజే ఫోన్ చేసేయండి.