అప్పెంజెల్‌కి ఏ నెలలో వెళ్లాలి?

స్విట్జర్లాండ్ అనగానే మనవాళ్లు ముందు టిట్లిస్, యుంగ్‌ఫ్రావ్ మంచు కొండలకు టికెట్లు కొంటారు. మేం జ్యూరిక్‌లో ఉంటాం కాబట్టి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను మొదట అక్కడికే తీసుకెళ్లాం. మంచు చూసి ఇద్దరూ సంతోషించారు. కానీ ఊరెళ్లాక ఇప్పటికీ ఫోన్‌లో వాళ్లు మాట్లాడేది అప్పెంజెల్ గురించే. ఆల్ప్స్‌లో మనుషులు, పశువులు కలిసి ఏడాది ఎలా గడుపుతారో చూడాలంటే దేశానికి ఈశాన్య మూలన ఉన్న ఈ కొండ ప్రాంతాన్ని మించింది నాకు కనబడలేదు. కాకపోతే ఇక్కడ ఏం చూస్తామన్నది నెలను బట్టి ఉంటుంది. ముందు నెల తేల్చుకుని, ఆ తర్వాత హోటల్ వెతకండి.

చేరుకోవడం తేలికే. జ్యూరిక్ నుంచి గోసావు దాకా పెద్ద రైలు, అక్కడ మారితే అప్పెంజెల్‌కి చిన్న రైలు. మొత్తం రెండు గంటల లోపే. ఆ చిన్న రైలు మార్గం వాసరావెన్‌లో ముగుస్తుంది. స్టేషన్ పక్కనే ఎబెనాల్ప్ కొండకు కేబుల్ కారు ఉంది. పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఇది ఎంత హాయో చెప్పలేను, కారు అవసరమే రాలేదు.

ఎబెనాల్ప్ పై స్టేషన్ నుంచి కిందికి దిగుతుంటే విల్డ్‌కిర్ష్‌లి గుహలు వస్తాయి. ఇక్కడి తవ్వకాల్లో గుహ ఎలుగుబంట్ల ఎముకలు, నియాండర్తల్ మనుషుల రాతి పనిముట్లు దొరికాయి. గుహ దాటి కాస్త నడిస్తే, నిలువు రాతిగోడకు ఆనించి కట్టిన ఎషర్ సత్రం. 2015లో ఒక అమెరికన్ ప్రచురణ అట్ట మీద దీని ఫొటో వచ్చాక జనం పోటెత్తారు. 2018లో అప్పటి నిర్వాహకులు ఇంత రద్దీని తట్టుకోలేమని తప్పుకున్నారు. జులై, ఆగస్టుల్లో ఎండ కాసే శనివారం వెళ్తే బల్ల దొరకడమే కష్టం. వారం మధ్యలో, పొద్దున మొదటి కేబుల్ కార్లలో వెళ్లండి, అప్పుడు ఆ చోటు నిజంగా అద్భుతం. ఎషర్ నుంచి ఇంకా కిందికి జేఆల్ప్‌జే సరస్సుకు దారి ఉంది గానీ బాగా నిటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెనక్కి ఎక్కి కేబుల్ కారులోనే దిగడం మంచిది. సరస్సుకు వాసరావెన్ నుంచి వేరే రోడ్డు ఉంది, దాదాపు గంట నడక. మొదట్లో ఎక్కుడు కాస్త గట్టిగానే ఉంటుంది. నాన్న ఆగి ఆగి నడిచారు, కానీ పూర్తి చేశారు.

సెంటిస్ శిఖరం 2,502 మీటర్లు. ఆకాశం తేటగా ఉంటే ఆరు దేశాలు కనబడతాయంటారు. టికెట్ ఖరీదైనదే. మబ్బు పడితే తెల్ల గోడ తప్ప ఏమీ కనబడదు, గాలి ఎక్కువైతే కేబుల్ కారే ఆపేస్తారు. ఆ రోజు పొద్దున్నే వెబ్‌క్యామ్ చూసి నిర్ణయించుకోండి. పెద్దవాళ్ల కోసమైతే నా ఓటు బ్రూలిసావు అనే ఊరి నుంచి వెళ్లే హోహర్ కాస్టెన్ కొండకే. తిరిగే రెస్టారెంట్‌లో కూర్చుంటే ఒక పక్క రైన్ లోయ, ఇంకో పక్క కొండల వరస, లేవకుండానే అన్నీ చూడొచ్చు.

బస రెండు రకాలు చూశాం. కొండ మీది సత్రాల్లో వరసగా పరుపులు వేసిన పెద్ద గది ఉంటుంది. దుప్పటి వాళ్లే ఇస్తారు, లోపల వేసుకునే పల్చటి స్లీపింగ్ బ్యాగ్ మనం తెచ్చుకోవాలి. బూట్లు గుమ్మం దగ్గరే విడవాలి. నగదు దగ్గర ఉంచుకుంటే టెన్షన్ ఉండదు. యువతకు ఇది తప్పకుండా చెప్తాను, పొద్దున కిటికీ తెరవగానే ఎదురుగా కొండ. పెద్దవాళ్లతో అయితే అప్పెంజెల్ ఊళ్లోనే ఉండండి. రంగుల బొమ్మలు వేసిన ఇళ్ల మధ్య కుటుంబాలు నడిపే వసతి గృహాలున్నాయి. మూడు రాత్రులు, ఆపైన ఉంటే అతిథి కార్డు ఇస్తారు, దాంతో చాలా కేబుల్ కార్లు, స్థానిక రైళ్లు కలిసొస్తాయి. ఏవేవి వర్తిస్తాయో బుక్ చేసేటప్పుడే అడగండి. ఒక చోట మాత్రం మాకు మనసు నొచ్చుకుంది. రాత్రి ఎనిమిదిన్నరకు వస్తున్నామని ముందే రాసినా, చేరేసరికి వంటిల్లు మూసేశామన్నారు. అమ్మ బ్రెడ్డు, వెన్నతో పడుకుంది. ఈ ప్రాంతంలో పెందలాడే భోంచేస్తారని గుర్తుంచుకుని, చేరే టైమ్‌తో పాటు భోజనం ఉంటుందా అన్నది కూడా రాయించుకోండి.

శాకాహారులకు ఆకలి బాధ ఉండదు. ఖేస్‌హోర్న్‌లి అని మాకరోనీలో జున్ను కరిగించి, పైన వేయించిన ఉల్లిపాయలు వేసి, ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. అమ్మకు బాగా నచ్చింది. బంగాళాదుంప తురుముతో చేసే రోస్టిలో పంది మాంసం ముక్కలు వేస్తుంటారు, అడిగి చెప్పించుకోవాలి. శాకాహారం విషయంలో కచ్చితంగా ఉండేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: అప్పెంజెలర్ లాంటి సంప్రదాయ జున్నుల్లో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు.

ఇక నెలల సంగతి. మే చివర, జూన్‌లో పశువులు కొండెక్కుతాయి. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు దాకా దిగుతాయి. ఏ రోజన్నది గడ్డిని, వాతావరణాన్ని బట్టి రైతు నిర్ణయిస్తాడు, కాబట్టి పర్యాటక కార్యాలయంలో ముందురోజు కనుక్కోవడం మేలు. ఆ ఊరేగింపులో ముందు తెల్లటి మేకలు, వాటిని తోలుకుంటూ సంప్రదాయ దుస్తుల్లో పిల్లలు. వెనక పసుపు పచ్చ తోలు ప్యాంటు, ఎర్ర జాకెట్టుతో పశువుల కాపరి, మెడలో పెద్ద పెద్ద గంటలున్న మూడు ఆవులు. ఆ తర్వాత మిగతా మంద, కుక్క, వస్తువుల బండి. మధ్య మధ్య మాటల్లేని యోడెల్ పాట. టికెట్ లేదు, మైకు లేదు, రోడ్డు పక్కన నిలబడితే చాలు. అమ్మానాన్నల కోసం ఒక్క వారమే ఎంచుకోమంటే నేను సెప్టెంబరు మధ్య వారమే చెప్తాను.

నవంబరులో రావద్దు. కేబుల్ కార్లు మరమ్మతులకు ఆపుతారు, కొండ సత్రాలు మూసేస్తారు. ఏప్రిల్ కూడా దాదాపు అంతే. కానీ ఏప్రిల్ చివరి ఆదివారం వస్తే లాండ్స్‌గెమైండె అనే ఓటర్ల బహిరంగ సభ చూడొచ్చు. ఓటర్లు ఊరి మధ్య మైదానంలో నిలబడి చేతులెత్తి ఓటేస్తారు. ఇక్కడ ఆడవాళ్లకు ఆ హక్కు 1990లో ఫెడరల్ కోర్టు తీర్పుతో గానీ రాలేదు. ఆ మైదానం అంచున నిలబడి, ఎత్తిన చేతుల్లో ఆడవాళ్ల చేతులు చూస్తుంటే నా కళ్లు చెమర్చాయి.

చలికాలంలో ఉర్నేష్ గ్రామానికి వెళ్లాల్సిందే. 1582లో వచ్చిన గ్రెగోరియన్ క్యాలెండర్‌ను ఇక్కడి ప్రొటెస్టంట్లు ఒప్పుకోలేదు. అందుకే డిసెంబరు 31తో పాటు పాత లెక్క ప్రకారం జనవరి 13న కూడా ఏడాది చివరి రోజు జరుపుకుంటారు. తెల్లవారకముందే మగవాళ్లు గుంపులుగా బయల్దేరతారు. కొందరు అందమైన ముసుగులు, తల మీద చెక్కతో చెక్కిన పల్లె బొమ్మలున్న పెద్ద కిరీటాలు. కొందరు గడ్డి, ఆకులు, దేవదారు కొమ్మలు కట్టుకుని భయం గొలిపే రూపాలు. ఒంటికి పెద్ద గంటలు. పొలాల్లో విడివిడిగా ఉన్న ఒక్కో ఇంటి ముందూ ఆగి, గంటలు మోగించి, గుండ్రంగా నిలబడి యోడెల్ పాడతారు. ఇంటివాళ్లు చెయ్యి కలిపి, తాగడానికి వేడిగా ఏదో ఇచ్చి, డబ్బులు చేతిలో పెడతారు. సరిగ్గా మన భోగి రోజుల్లో, హరిదాసులా గడప గడపకూ పాట రావడం చూసి నాన్న మంచులో అలాగే నిలబడిపోయారు.

ఉర్నేష్‌లో గదులు తక్కువ, నెలల ముందే నిండిపోతాయి. గోసావులోనో, అప్పెంజెల్‌లోనో ఉండి చీకటి ఉండగానే మొదటి రైలెక్కండి. మంచు బూట్లు తప్పనిసరి. 13 ఆదివారం పడితే వేడుకను ముందురోజు శనివారానికి జరుపుతారు, విమానం టికెట్ కొనేముందు అది చూసుకోండి.