అమెరికాలో కొవిడ్ టీకా: ఫార్మసీలోనా, డాక్టరు దగ్గరా?

పెద్దవాళ్లకు ఫార్మసీయే సుళువు. స్లాట్ తీసుకునేటప్పుడే ఫైజరో, మోడెర్నానో, నోవావాక్సో చూసుకోండి. అన్ని బ్రాంచీల్లో అన్నీ దొరకవు. 2025 సీజన్ టీకాలకు ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఆమోదం 65 దాటినవారికి, అంతకంటే చిన్నవారిలో కొవిడ్ ముదిరే రిస్కు ఉన్నవారికే. కాబట్టి షుగరో ఆస్తమానో ఉంటే ఫారంలో తప్పక టిక్ పెట్టాలి. అదే రోజు ఫ్లూ టీకా రెండో చేతికి వేయించుకోవచ్చు. పొడిచాక 15 నిమిషాలు అక్కడే కూర్చోండి. చిక్కల్లా బిల్లుతోనే: ఫార్మసీ మీ ఇన్సూరెన్స్ ప్లాన్ నెట్‌వర్క్‌లో లేకపోతే డబ్బు మీరే కట్టాల్సి రావచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్స్ టీకాలకు సాధారణంగా పనికిరాదు, ముందే ధర అడగండి.

పసిపిల్లలైతే, లేదా పాత డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే డాక్టరు దగ్గరికే. కాకపోతే చాలా క్లినిక్‌లు ఈ టీకా తెప్పించవు. ఫోన్ చేసి మరీ బయల్దేరండి.