ఇద్దరు మనుషులు, సామాను, మనాలి–లేహ్ రోడ్డు: హిమాలయన్ 450 రివ్యూ

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 ఒక్కరే నడిపితే ఒకలా ఉంటుంది, వెనక ఫ్రెండు, రెండు పక్కలా బ్యాగులు ఉంటే పూర్తిగా వేరేలా ఉంటుంది. ఈ రివ్యూ ఆ రెండోదాని గురించే. మనాలి నుంచి అటల్ టనెల్ మీదుగా లేహ్ దాకా, 430 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, ఒకే బండి మీద ఇద్దరు వెళ్లడానికి ఇది సరిపోతుందా అంటే, బాగా సరిపోతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బండి అనుకుంటే నా మొదటి ఓటు దీనికే. కాకపోతే షోరూమ్‌లో ఇచ్చిన సెట్టింగ్‌తో అలాగే బయల్దేరితే బారాలాచా కనుమ దాటకముందే బండిని తిట్టుకుంటారు.

ముందు ఇంజన్ సంగతి. 2023 నవంబర్‌లో వచ్చిన ఈ బండిలో ఉన్నది 452 సీసీ లిక్విడ్ కూల్డ్ ఇంజన్. 8,000 ఆర్‌పీఎం దగ్గర 40 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) పవర్, 5,500 దగ్గర 40 న్యూటన్ మీటర్ల టార్క్. దీనికి ముందు వచ్చిన పాత హిమాలయన్ 411లో పవర్ 24 చిల్లరే. విజయవాడ హైవే మీద ఈ తేడా సరదా కోసం, కొండ మీద మాత్రం అవసరం. దారిలో అన్నిటికంటే ఎత్తైన కనుమ తంగ్లాంగ్ లా, 5,328 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు తగ్గించి మిక్చర్‌ను సరిచేస్తుంది గాని, లేని ఆక్సిజన్‌ను ఎక్కడి నుంచి తెస్తుంది? పవర్ కూడా ఇంచుమించు ఆ లెక్కనే పడిపోతుంది. 40 పీఎస్ బండి కాస్తా 20, 22 పీఎస్ బండి అవుతుంది. అంటే 411 కింద మైదానంలో ఎంత లాగేదో, 450 తంగ్లాంగ్ లా మీద దాదాపు అంత లాగుతుంది. అదే చోట 411కి మిగిలేది 13 పీఎస్. ఇద్దరితో అదీ ఎక్కుతుంది గాని, ముందు వెళ్తున్న లారీని దాటాలంటే సరైన చోటు కోసం కిలోమీటర్ల కొద్దీ కాచుకోవాలి.

కాని 450కి ఒక గుణం ఉంది. 3,000 ఆర్‌పీఎం కింద దీని లాగుడు పలచన. 411 అలవాటైనవాళ్లు సెకండ్ గేరులోనే మలుపు తిప్పేద్దామని చూస్తారు. గటా లూప్స్‌లో 21 హెయిర్‌పిన్ మలుపులు వరసగా వస్తాయి. అక్కడ ఆ అలవాటుతో వెళ్తే ఇంజన్ కొట్టుకుంటుంది, ఆగిపోకుండా హాఫ్ క్లచ్ పట్టాల్సి వస్తుంది, కాసేపటికి క్లచ్ మాడు వాసన మొదలవుతుంది. మలుపులోకి దిగకముందే ఫస్ట్ గేరు వేసి, 3,500–4,000 మధ్య తిప్పుతూ, క్లచ్ పూర్తిగా వదిలేయాలి. రేడియేటర్ ఫ్యాన్ గట్టిగా తిరిగితే కంగారు అక్కర్లేదు, దాని పని అది చేస్తోంది. కూలెంట్ తగ్గితే మాత్రం మంచినీళ్లు పోయకండి. దారిలో రాత్రి ఆగే సర్చులో చలికి ఉత్త నీళ్లు గడ్డకట్టవచ్చు. కలిపి అమ్మే కూలెంట్ అర లీటరు దగ్గర ఉంచుకోవాలి.

సస్పెన్షన్ ఈ బండికి అసలైన బలం. ముందు, వెనక 200 మిల్లీమీటర్ల ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం), 230 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్. ముందు ఫోర్కులో సర్దుబాటు లేదు, వెనక షాక్‌కు ప్రీలోడ్, అంటే స్ప్రింగు బిగువు మార్చుకునే వీలు, ఉంది. ఇద్దరు కూర్చుంటే దాన్ని పెంచి తీరాలి. పెంచకపోతే మూడు జరుగుతాయి: వెనక భాగం కుంగి ముందు చక్రం తేలికై మలుపుల్లో హ్యాండిల్ పట్టు పోతుంది, పెద్ద గుంతలో షాక్ చివరిదాకా దిగి దడేలుమంటుంది, హెడ్‌లైట్ రోడ్డు వదిలేసి ఆకాశం చూస్తుంది. ఈ సర్దుబాటు టూల్‌తో చేసేది, చెయ్యి దూరడం కష్టం. కాబట్టి మనాలిలోనే మెకానిక్ దగ్గర ఇద్దరూ కూర్చుని, సామాను కట్టి, పెట్టించుకోండి.

బరువు లెక్క కూడా అక్కడే వేసుకోవాలి. బండి 196 కిలోలు, అది మోయగలిగేది 200 కిలోలకు కాస్త తక్కువ. ఒక్కొక్కరు 75 కిలోలనుకుంటే ఇద్దరికీ 150. హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు కలిపి ఇంకో పన్నెండు, పదిహేను. ఇక సామానుకు మిగిలేది 30 చిల్లర. స్టీలు పెట్టెలు, వాటి స్టాండే అందులో సగం మింగేస్తాయి. గుడ్డ బ్యాగులు మేలు. అవి కూడా పక్కలకే. వెనక ర్యాక్ మీద ఎత్తుగా కడితే వెనక కూర్చునేవాళ్లు కాలు తిప్పి ఎక్కలేరు, బూటు బ్యాగుకు తగులుతుంది. 825 మిల్లీమీటర్ల ఎత్తున్న సీటు మీద, వాలుగా ఉన్న కంకర మీద, రైడర్ మునివేళ్ల మీద నిలబడి ఉండగా ఆ చిన్న తాకిడికే బండి పడిపోతుంది. చెప్పకుండా ఎక్కడం, దిగడం ఉండకూడదు. రైడర్ రెండు కాళ్లూ ఆనించి, ముందు బ్రేకు పట్టి, ‘ఊఁ’ అన్నాకే.

టైర్ల దగ్గర కంపెనీ మీద నాకు గట్టి ఫిర్యాదే ఉంది. మొదట అమ్మిన బండ్లన్నీ ట్యూబ్ టైర్లవే. ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు తర్వాత, అదనపు ధరకు వచ్చాయి. కొనేవాళ్లు ఆ డబ్బు తప్పకుండా పెట్టండి. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగితే ఆ రంధ్రంలో రబ్బరు స్ట్రిప్ కుక్కి గాలి కొట్టుకుని పది, పదిహేను నిమిషాల్లో కదలొచ్చు. ట్యూబయితే చక్రం విప్పాలి. పైగా సెంటర్ స్టాండ్ బండితో రాదు, విడిగా కొనాలి. అది లేకుండా వెనక చక్రం విప్పాలంటే ఒకరు బండిని సైడ్ స్టాండ్ మీదికి వాల్చి పట్టుకోవాలి, ఇంకొకరు స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) కింద రాయో కర్రో పెట్టాలి. ట్యూబ్ బండితో వెళ్లేవాళ్లు 21 అంగుళాల ట్యూబ్ ఒకటి తీసుకెళ్లండి. అవసరపడితే వెనక 17 అంగుళాల చక్రంలోనూ తాత్కాలికంగా పనిచేస్తుంది, 17ది ముందు పనిచేయదు.

గాలి విషయంలో ఒక చిక్కు ఉంది. పైకి వెళ్లేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి, టైరులో గేజీ రీడింగ్ పెరుగుతుంది. మనాలి నుంచి తంగ్లాంగ్ లా దాకా ఈ పెరుగుదల సుమారు 4 పీఎస్‌ఐ. చలి దాంట్లో సగం దాకా తగ్గించేస్తుంది. అందుకే మధ్యాహ్నం వేడి టైరు చూసి గాలి తీయకూడదు. పొద్దున్నే, బండి కదలకముందు, ఇద్దరి బరువుకు కంపెనీ చెప్పిన లెక్కతో సరిచూసుకోవాలి.

పెట్రోలు భయం అనవసరం. తాండి పంపు దగ్గర ఫుల్ చేయిస్తే లేహ్ 365 కిలోమీటర్లు, దానికి ముందే కారూలో పంపు ఉంది. 17 లీటర్ల ట్యాంకు, ఇద్దరితో లీటరుకు 25 వచ్చినా 425 అవుతుంది. మూడు లీటర్ల క్యాను ఒకటి చాలు, అదీ దారి మూసి వెనక్కి తిరగాల్సి వస్తే. క్యాను అంచుదాకా నింపకండి. ఎత్తుకు వెళ్లాక ఉబ్బుతుంది, మూత మెల్లగా తిప్పి ఆవిరి వదిలాకే పూర్తిగా తీయాలి.

జింగ్ జింగ్ బార్, భరత్‌పూర్ వైపు రోడ్డు మీదికొచ్చే వాగులు మంచు కరిగే కొద్దీ మధ్యాహ్నానికి పొంగుతాయి. పొద్దున పదిలోపు దాటేలా బయల్దేరండి. వెనకవాళ్లు దిగి నడిచి దాటడమే పద్ధతి. నీళ్ల అడుగున గుండ్రాళ్ల మీద ఇద్దరి బరువుతో బండి జారితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఎకో, పర్ఫార్మెన్స్ రెండు మోడ్‌లలోనూ వెనక ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఆపుకోవచ్చు, కంకర దిగుడులో అది పనికొస్తుంది. తంగ్లాంగ్ లా దిగేటప్పుడు వెనక బ్రేకు మీద కాలు పెట్టేసి కూర్చుంటే డిస్కు కాగి, పెడల్ మెత్తబడి, బ్రేకు పట్టదు. సెకండ్ గేరులో ఇంజన్‌తోనే ఆపుకుంటూ రావాలి.

డిస్‌ప్లేలో గూగుల్ మ్యాప్ బాగుంటుంది గాని జిస్పా దాటాక చాలా దూరం సిగ్నల్ ఉండదు, మ్యాప్‌ను ముందే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, ఇద్దరిలో ఒకరిదైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

సొంత బండిని సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకో చండీగఢ్‌కో రైల్వే పార్సిల్‌లో పంపొచ్చు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి, ఆర్‌సీ, గుర్తింపు కార్డు కాపీలు కావాలి. మీరెక్కిన రైల్లోనే బండి వస్తుందన్న నమ్మకం లేదు, మధ్యలో రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి. మనాలిలో అద్దెకు తీసుకునేవాళ్లు చెయిన్, బ్రేకు ప్యాడ్లు, ఫోర్కు సీళ్ల దగ్గర ఆయిల్ చెమ్మ చూసుకోవాలి. ఒక్కో స్పోకునూ స్పానర్‌తో తట్టండి. వదులైనది ఖణేల్‌మనదు, మొద్దుగా మోగుతుంది. బయట అద్దెకు తీసుకున్న బండ్లతో పాంగాంగ్, నుబ్రా వైపు తిరగడానికి లేహ్ అద్దె బండ్ల సంఘం ఒప్పుకోదు, మధ్యలో ఆపేస్తారు. ఆ రెండు చోట్లకూ లేహ్‌లోనే ఇంకో బండి అద్దెకు తీసుకోవాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.