దెజ్‌ఫూల్ రెల్లు కలం: ఆరేళ్లు వాడాక

నస్తాలీఖ్ అనే పారసీ రాతశైలిలో రాయడానికి ఆరేళ్లుగా నేను వాడుతున్నది దెజ్‌ఫూల్ రెల్లు కలం. దెజ్‌ఫూల్ ఇరాన్‌లో ఖుజిస్తాన్ ప్రాంతపు ఊరు. పారసీ చేతిరాత నేర్చుకుందామని ఎవరిని అడిగినా కలం విషయంలో ముందు ఈ పేరే చెబుతారు. కొనాలా వద్దా అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే ఇది రాస్తున్నాను.

నిజం చెప్పాలంటే మొదటి ఏడాది ఈ కలం నాకు నచ్చలేదు. సిరా ఒకసారి ముద్దగా పడేది, ఇంకోసారి అసలు దిగేదే కాదు. తప్పు కలానిదే అనుకుని మూడు మార్చాను. పాతబస్తీలో నాకు నేర్పిన ఉస్తాద్ ఒకరోజు నా కలం అందుకుని, వెలుతురుకి పెట్టి చూసి, "బేటా, రాత తర్వాత. ముందు చాకు పట్టడం నేర్చుకో" అన్నారు. ఆ తర్వాత రెండు నెలలు ఒక్క అక్షరం రాయనివ్వలేదు. చెక్కడమే పని.

ముందు ఏటవాలుగా పొడుగ్గా ఒక కోత. తర్వాత రెండు పక్కలా సన్నం చేయాలి. మొన మధ్యలో నిలువునా చిన్న చీలిక పెట్టాలి, సిరా దిగేది దానివెంటే. చీలికకి రాసేవాడి వైపున్న సగాన్ని ఇన్సీ అని, అవతలి సగాన్ని వహ్షీ అని అంటారు. చివరికి మొనని ఖత్‌జన్ అనే చిన్న పలక మీద ఆనించి, చాకుని ఒక్క ఊపులో నొక్కాలి. టక్‌మని తెగాలి. అటూ ఇటూ రుద్దితే మొన పీచు లేస్తుంది, ఆ పీచుతో గీసిన గీత ఎవరి కంటికైనా తెలిసిపోతుంది. నాకు ఇప్పటికీ ఆ ఒక్క కోత దగ్గర టెన్షనే.

ఇంత పట్టింపు ఎందుకంటే, నస్తాలీఖ్‌లో అక్షరాల కొలత మొనతోనే వస్తుంది. మొన ఆనించి పెట్టిన చుక్క ఎంత ఉంటే, నిలువు గీతలా ఉండే మొదటి అక్షరం అలిఫ్ అలాంటివి మూడు చుక్కల ఎత్తు ఉండాలి. లావు గీత నిండు మొనతో వస్తుంది, వెంట్రుకలాంటి గీత మొన మూలతో వస్తుంది. ఆ మూల అరిగిందా, సీన్ అక్షరానికి పళ్లలా ఉండే చిన్న మొనలు మొద్దుబారిపోతాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో పారసీ రాతప్రతుల ముందు నిలబడినప్పుడు నేను ముందు చూసేది ఆ సన్న గీతలే. అంత చిన్న అక్షరాలకి మిల్లీమీటరు మొన కూడా ఎక్కువేనేమో అనిపిస్తుంది. అన్ని పేజీలు అదే పదునుతో రాయాలంటే ఎన్నిసార్లు చెక్కి ఉంటారో!

ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని హెరాత్‌లో పనిచేసిన నస్తాలీఖ్ రాతగాడు సుల్తాన్ అలీ మష్హదీ (1520లో మరణించారు) రాత గురించి పద్యాల్లో రాసిన పాఠంలో కలం ఎర్రగా ఉండాలి, లోపల తెల్లగా ఉండాలి, మెలి ఉండకూడదు అంటారు. నా దగ్గరున్న వాటిలో బాగా నిలిచినవి అలాంటివే. ఒకసారి ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నుంచి తెప్పిస్తే మామూలు రెల్లుకి రంగు పూసి పంపారు, చాకు పెట్టగానే విచ్చుకుపోయింది. కొనేముందు బల్ల మీద వదిలి చూడండి. గట్టి కలమైతే ఖంగుమంటుంది.

లోపాలూ ఉన్నాయి. గరుకు కాగితం మీద మొన తొందరగా అరుగుతుంది. నునుపు కాగితం తప్పనిసరి. వానాకాలంలో కలం తడి పీల్చి మెత్తబడుతుంది, ఎండలో పెట్టి ఆరబెట్టడం కుదరని రోజుల్లో నేను రాత ఆపేస్తాను. పెద్ద అక్షరాలకి ఇది చాలదు, వెదురు కావాలి.

సిరా బుడ్డిలో వేసే పట్టు పీచుని లీఖా అంటారు. అది లేకుండా ముంచితే మొన అడుగుకి తగిలి చెడుతుంది, సిరా కూడా ఎక్కువ అంటుకుంటుంది. నేను పోచంపల్లి నుంచి తెచ్చిన పట్టు పోగులని బాగా ఉడికించి, ఉతికి వాడుతున్నాను. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు కలానికి గుడ్డ చుట్టి అందులో రంగు నిలుపుతారు కదా, ఇక్కడ ఆ పని బుడ్డిలోని పట్టు చేస్తుంది.

ఇప్పుడు వాడుతున్న కలం కొన్నప్పుడు జానెడుకి పైనే ఉండేది. చెక్కీ చెక్కీ బెత్తెడు మిగిలింది. వేళ్లకి పట్టు దొరకక వెనక తొర్రలో వెదురు పుల్ల గుచ్చి పొడిగించాను. డ్రాయర్‌లో రెండు కొత్తవి ఉన్నాయి, ఇంకా వాటికి చాకు పెట్టలేదు.