కౌంటర్ మీద ఆరేళ్లు: 12 అంకెల చెక్ కాలిక్యులేటర్

హార్డ్‌వేర్ షాపు కౌంటర్ మీద ఆరేళ్లుగా రోజంతా వాడుతున్న కాలిక్యులేటర్ ఇది. 12 అంకెలు, 120 స్టెప్పుల చెక్, సోలార్‌తో పాటు బటన్ సెల్. చేతిలో ఫోన్ ఉండగా ఇదెందుకంటే, చెక్ కీ కోసం. నలభై బిల్లులు కూడాక తేడా వస్తే మొదటి నుంచి కొట్టక్కర్లేదు. బాణం నొక్కుకుంటూ పోతే కొట్టినవన్నీ వరసగా కనబడతాయి. తప్పు దగ్గర ఆగి, కరెక్ట్ నొక్కి, సరైన అంకె వేసి, మళ్లీ కరెక్ట్ నొక్కితే చాలు. 120 దాటాక మాత్రం ఈ సాయం అందదు. అందుకే చిట్టాలో పేజీకో మొత్తం కట్టుకుని, ఆ మొత్తాల్ని విడిగా కూడుకోవాలి.

వెతికే ముందు తేడాని 9తో భాగించి చూడండి. శేషం లేకుండా పోతే చాలాసార్లు అంకెలు తారుమారైనట్టే: 540 బదులు 450 పడితే తేడా 90. సున్నా ఎగిరిపోయి 1,200 కాస్తా 120 అయినా అంతే, తేడా 1,080.

బిల్లు కట్టడానికి జీటీ (గ్రాండ్ టోటల్) కీ. 3 × 1,450 =, 12 × 68 =, 5 × 240 = కొట్టి జీటీ నొక్కితే 6,366. చెయ్యి తొందరపడి ఈక్వల్ రెండుసార్లు పడితే అదీ మొత్తంలో చేరిపోతుంది. తెర మూల ఎం గుర్తు ఉంటే మెమరీలో ఏదో అంకె మిగిలి ఉన్నట్టు; అది ఏసీతో పోదు, ఎంసీ (మెమరీ క్లియర్) నొక్కాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది పైనున్న జరుపుడు స్విచ్. అది ‘A’ అక్షరం (యాడ్ మోడ్, పాయింటు దానంతటదే పడేది) దగ్గరికి జరిగితే 1250 కొట్టి ప్లస్ నొక్కగానే 12.50 అవుతుంది. దుమ్ము తుడిచే గుడ్డ తగిలినా జరిగిపోతుంది. పొద్దున్నే 5 + 5 = కొట్టి చూడండి; 0.10 వస్తే స్విచ్ కదిలినట్టే. ‘F’ (పాయింటు మనం కొట్టిన చోటే ఉండేది) దగ్గర పెట్టి సెల్లోటేప్ వేసేస్తే గొడవ వదులుతుంది. ఇక కామాలు మూడేసి అంకెలకు పడతాయి: పన్నెండున్నర లక్షలు 1,250,000 అని కనబడుతుంది. బ్యాంకు స్లిప్పు రాసేటప్పుడు తెర చూసి కామాలు దించకండి.

పర్సెంట్ కీని నేను నమ్మను. 100 + 5 % కొడితే కొన్ని మిషన్లు 100 మీద 5 శాతం వేసి 105 చూపిస్తాయి, కొన్ని చివరి మొత్తం మీద 5 శాతం వేసి 105.263. నేరుగా 1.05తో గుణిస్తే ఏ మిషనైనా ఒకటే జవాబు. లాభం దగ్గరా ఇదే తికమక. 400కి కొన్న సరుకు మీద అమ్మకంలో 20 శాతం మిగలాలంటే 400 ÷ 0.80, అంటే 500కి అమ్మాలి. 400 × 1.20 వేసి 480కి ఇచ్చేస్తే మిగిలేది 16.67 శాతమే. కొటేషన్లలో జారిపోయేది ఎక్కువగా ఇక్కడే.

పన్ను కలిసిన ధరలోంచి జీఎస్టీ విడదీయాలన్నా భాగహారమే. 1,180 ÷ 1.18 = 1,000, పన్ను 180. నేరుగా 1,180లో 18 శాతం తీస్తే 212.40 వస్తుంది, అది తప్పు. జీఎస్టీ కీలున్న రకం వాడేవాళ్లు 2025 సెప్టెంబరు 22 తర్వాత లోపలి రేట్లు మార్చుకున్నారో లేదో చూసుకోవాలి. పాత 12, 28 అలాగే ఉంటే బిల్లు తప్పుతుంది.

అప్పు లెక్క: 85,000 మీద నూటికి రూపాయిన్నర వడ్డీ, 4 నెలల 10 రోజులు. 85,000 × 0.015 = 1,275, నెల వడ్డీ. నాలుగు నెలలకి 5,100; పది రోజులకి 1,275 ÷ 3 = 425; వెరసి 5,525. 4.10తో గుణిస్తే 5,227.50 వస్తుంది. పది రోజులు నెలలో మూడో వంతు, పదో వంతు కాదు.

మిషన్ వరకు ఫిర్యాదులు రెండే. కరెంటు పోయిన సాయంత్రాల్లో తెర మసకబారితే సెల్ అయిపోయినట్టు. మార్పించడం ఐదు నిమిషాల పని. రెండోది, సున్నా, ప్లస్ కీల మీది రాత అరిగిపోయింది. కొనేటప్పుడు కీ మీద అంకెని గోటితో గీకి చూడండి. పైపైన అచ్చేసినదైతే సిమెంటు దుమ్ముకి నిలవదు.