బరంపురంలో పాత చిత్రికకి బోల్టు చేసిచ్చిన కొట్టు

మా తాత రంగూన్ నుంచి వస్తూ తెచ్చుకున్న స్టాన్లీ కంపెనీ 5వ నంబరు చిత్రిక (చెక్కని నునుపు చేసే పనిముట్టు) ఇంకా మా ఇంట్లో ఉంది. బ్లేడు తీసి చూస్తే కింద ఇనుములోనే పోతపోసిన మూడు పేటెంటు తేదీలు కనబడతాయి, ఆఖరిది 1910 ఏప్రిల్ 19. అంతా బాగానే ఉంది గానీ వెనక పిడిని పట్టి ఉంచే పొడవాటి బోల్టు తుప్పు పట్టి విరిగింది. పిడి ఊగుతుంటే చిత్రిక ఏం పడతాం!

ముందు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ‘అన్ని మోడళ్లకీ సరిపోతుంది’ అన్నారు, వచ్చింది మాత్రం ఎం6 (6 మిల్లీమీటర్ల) బోల్టు, కన్నంలోకి దూరనే లేదు. డబ్బులు వెనక్కి రావడానికి మూడు వారాలు.

అప్పుడు ఎవరో చెబితే గోపాల్‌పూర్ నుంచి బస్సెక్కి బడా బజార్ వెనక సందులో ఉన్న ఈ పాత సామాన్ల కొట్టుకి వెళ్లాను. కొట్టాయన ఒడియా ఆయనే, తెలుగు మనకంటే బాగా మాట్లాడతాడు. విరిగిన ముక్కని లుంగీకి తుడిచి, దాని మర (బోల్టు మీది చుట్లు) మీద గేజి పెట్టి వెలుతురుకి ఎత్తి చూశాడు. “బాబూ, ఇది అంగుళానికి 20 చుట్లు. పావంగుళం బోల్టుకీ అన్నే, కానీ అది లావు. ఈ సైజు బజారంతా తిరిగినా దొరకదు, ఊరికే కాళ్లు నొప్పి.” కన్నం పెద్దది చేసి పావంగుళం మర కోసేద్దామా అని నేనే అడిగితే, నూరేళ్ల ఇనుముని పాడుచేస్తావేటి అని కసిరాడు. నాకు నచ్చింది అదే.

పక్క లేతులో కడ్డీకి మర కోయించి, ఇత్తడి నట్టుతో కలిపి 250 రూపాయలు తీసుకున్నాడు. పిడి ఇప్పుడు కదిలితే ఒట్టు. నట్టు మీద స్క్రూడ్రైవర్ గాడి కొంచెం పక్కకి పోయింది, మూడు రోజులన్నది తొమ్మిది రోజులైంది, బిల్లు అడిగితే నవ్వాడు.

రికార్డు, అనంత్ కంపెనీల చిత్రికల పాత విడిభాగాలు డబ్బాల నిండా ఉన్నాయి. బ్లేడు మీద బిగించే రేకు కావాలంటే మాత్రం మీ చిత్రిక వెంట తీసుకెళ్లి అక్కడే బిగించి చూసుకోండి, దాని కన్నం ఒక్కో కంపెనీకి ఒక్కో చోట ఉంటుంది. మధ్యాహ్నం వెళ్లకండి, కునుకులో ఉంటాడు, లేపితే రేటు పెరుగుతుంది.